తొమ్మిది బ్లాకుల్లో క్విల్టింగ్ నేర్చుకోవడం ఎలా?

బొంత కుట్టడం మన ఇళ్ళకు కొత్త కాదు. పాత నూలు చీరలు రెండు మూడు పొరలుగా పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు వరుసగా రన్నింగ్ కుట్టు వేసుకుంటూ పోతే బొంత తయారవుతుంది. ప్యాచ్‌వర్క్ క్విల్ట్‌లో ఆ కుట్టు చివరికి వస్తుంది. దానికి ముందు పైపొరనే చిన్న చిన్న ముక్కలతో కట్టుకోవాలి. ఒక డిజైన్ పూర్తయిన చదరాన్ని బ్లాక్ అంటారు. బ్లాకులను వరుసలుగా కలిపితే క్విల్ట్ పైభాగం. ఈ బ్లాకుల పద్ధతి 19వ శతాబ్దంలో అమెరికా ఇళ్ళలో బాగా పెరిగింది. ఓహియో స్టార్, లాగ్ క్యాబిన్ లాంటి పేర్లు అక్కడివే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది ఒక అందమైన ఫొటో చూసి, డబుల్ కాట్ సైజులో అదే క్విల్ట్ కుట్టాలని కూర్చుంటారు. అంటే ఒకే బ్లాకును ముప్పై నలభై సార్లు కుట్టాలి. పదోది దాటేసరికి విసుగొస్తుంది, బట్టలన్నీ సంచిలో పడి అటక ఎక్కుతాయి. నా సలహా వేరు. తొమ్మిది బ్లాకులు కుట్టండి, తొమ్మిదీ వేరువేరుగా. ఒక్కో బ్లాకు ఒక్కో కొత్త టెక్నిక్ నేర్పాలి. సైజు మాత్రం అన్నీ 12 అంగుళాలే. చివర్లో వాటిని మధ్యలో, చుట్టూ పట్టీలు వేసి కలిపితే 44 అంగుళాల చదరపు క్విల్ట్ వస్తుంది. పసిపిల్లల దుప్పటికి, సోఫాలో కూర్చుని కాళ్ళ మీద కప్పుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. దిండు గలీబు తిన్నగా కుట్టగలిగితే చాలు, ఇది మొదలుపెట్టవచ్చు. జాకెట్టు కుట్టడం వచ్చినవాళ్ళకు సగం పని వచ్చినట్టే.

బట్ట ఎంచుకోవడం

నూరు శాతం నూలు బట్టే తీసుకోండి. పాలిస్టర్ కలిసిన బట్ట ఇస్త్రీకి మడత నిలవదు, మడత నిలవకపోతే మూలలు కలవవు. పాప్లిన్, కేంబ్రిక్ మొదటి బ్లాకులకు చాలా మంచివి. మ్యాచింగ్ సెంటర్‌లో దొరికే లైనింగ్ బట్టలో ఉన్నన్ని రంగులు ఇంకెక్కడా ఉండవు కానీ, అది పల్చన. గంజి పెట్టకుండా వాడితే కత్తెర కింద జారిపోతుంది. మంగళగిరి, పోచంపల్లి చేనేత నూలు బట్టలకు ఒక సుగుణం ఉంది: రెండు వైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి మంచి వైపు ఏదో వెతుక్కునే టెన్షన్ ఉండదు. కాకపోతే ఇక్కత్‌లో నేత కొంచెం వదులుగా ఉంటే పోగులు ఊడతాయి, ముక్కలు కోశాక ఎక్కువ కదపకూడదు. గళ్ళు, చారల బట్టను మొదట్లో పక్కన పెట్టండి. ముక్క ఒక్క పోగు వంకరగా కోసినా ఆ గీత బయటపెట్టేస్తుంది. పెడన కలంకారీలో పెద్ద పెద్ద పువ్వులున్న డిజైన్ 4 అంగుళాల ముక్కలో తెగిపోయి ఏమిటో తెలియకుండా పోతుంది. అలాంటిది బ్లాకు నడిమధ్య చదరానికి దాచుకోండి, చిన్న బుటాలు ముక్కలకు వాడండి.

బ్యాక్‌గ్రౌండ్ కోసం ఒకే లేత రంగు, 44 అంగుళాల పన్నాలో 2 మీటర్లు. రంగుల కోసం అర మీటరు చొప్పున ఆరేడు రకాలు, లేదా బీరువాలో వాడకుండా పడి ఉన్న జాకెట్టు ముక్కలు. వాయనాల్లో వచ్చిన ముక్కల్లో నూలువి ఏరుకుంటే సగం బట్ట ఇంట్లోనే దొరుకుతుంది. బ్లాకుల మధ్య పట్టీలకు ముప్పావు మీటరు, చుట్టూ అంచుకు అర మీటరు ముదురు రంగు.

రంగులు ఎంచేటప్పుడు ఎరుపా నీలమా అన్నదాని కంటే ఏది ముదురు, ఏది లేత అన్నది ముఖ్యం. మన బట్టల్లో చాలావరకు మధ్యస్థంగా ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే కంటికి వేరుగానే కనిపిస్తాయి కానీ బ్లాకులో రెండూ కలిసిపోయి నక్షత్రం మాయమవుతుంది. బట్టలన్నీ పక్కపక్కన పరిచి ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఏది ముదురో ఏది లేతో అందులో స్పష్టంగా తెలిసిపోతుంది.

కోయకముందే అన్నీ ఉతకాలి, ఇది తప్పనిసరి. చేనేత, ఖద్దరు కుదించుకుపోతాయి. ముదురు ఎరుపు, నీలం, మెరూన్ రంగు వదులుతాయి. ఉతికి, తడిగా ఉండగానే ఒక తెల్ల గుడ్డ మీద పెట్టి గట్టిగా నొక్కి చూడండి. గుడ్డకు రంగు అంటితే మళ్ళీ ఉతకండి. నాలుగు ఉతుకుల తర్వాత కూడా రంగు వదిలే బట్టను ఎంత అందంగా ఉన్నా క్విల్ట్‌లో పెట్టకండి. పక్కనున్న తెలుపంతా పాడుచేస్తుంది.

ఇక గంజి. నూలు చీరకు పెట్టే గంజే, కొంచెం పల్చగా చేసి, గుడ్డలో వడకట్టి, బట్ట ముంచి తీసి నీడన ఆరేయండి. పూర్తిగా ఎండకముందే, చెమ్మగా ఉండగా ఇస్త్రీ చేస్తే బట్ట కాగితంలా నిలబడుతుంది. బజారులో స్ప్రే డబ్బాలు అమ్ముతారు, అవీ బాగానే ఉంటాయి కానీ ఇంటి గంజి ఏమీ తీసిపోదు. త్రిభుజాలు కోసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. గంజి పెట్టిన బట్టను నెలల తరబడి నిల్వ ఉంచితే పురుగు పడుతుంది కాబట్టి ఆ నెలలో కుట్టబోయేదానికే పెట్టండి.

పావంగుళం కుట్టు

క్విల్టింగ్‌లో మార్జిన్ (కుట్టుకూ అంచుకూ మధ్య వదిలే బట్ట) ఎప్పుడూ పావంగుళమే. జాకెట్టుకైతే తర్వాత వదులు చేసుకోవడానికి లోపల ఎక్కువ బట్ట వదులుతాం, ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. ఒక వరుసలో ఎనిమిది కుట్లు ఉండి, ఒక్కో కుట్టులో అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చిందనుకోండి. ప్రతి కుట్టులో రెండు వైపులా బట్ట పోతుంది కాబట్టి వరుస మొత్తం మీద ఒక అంగుళం తరిగిపోతుంది. పక్క వరుసతో అది ఎప్పటికీ కలవదు.

కాబట్టి ముందు మిషన్‌ను సిద్ధం చేసుకోవాలి. సూది కింద టేపు పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ సూది మొన సరిగ్గా పావంగుళం గీత మీద ఆనేలా దింపండి. టేపు అంచు కుడివైపు ఎక్కడ ఉందో అక్కడ, బట్ట నడిచే దారికి సమాంతరంగా, మాస్కింగ్ టేపు నాలుగైదు పొరలు అతికించండి. ఇది చిన్న గట్టులా నిలబడుతుంది, బట్ట అంచును దాన్ని ఆనించి నడిపిస్తే చాలు. ఇంట్లో ఉండే నల్లటి కాలి మిషన్‌కైనా ఇది పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: బాబిన్ మీది మూత జరిగే చోట, బట్టను నడిపే పళ్ళ మీద టేపు పడకూడదు.

ఇప్పుడు పరీక్ష. ఒకటిన్నర అంగుళం వెడల్పు, 5 అంగుళాల పొడవు పట్టీలు మూడు కోసి పక్కపక్కన కలపండి. ఇస్త్రీ చేసి కొలిస్తే మొత్తం 3.5 అంగుళాలు, మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం ఉండాలి. తక్కువ వస్తే గట్టును ఒక పోగంత సూదివైపు జరపండి. మడతలో కొంచెం బట్ట పోతుంది కాబట్టి నిజానికి పావంగుళానికి ఒకటి రెండు పోగులు తక్కువే కుట్టాలి. సరిగ్గా వచ్చేదాకా ఈ పరీక్ష చేయండి, ఆ తర్వాతే మొదటి బ్లాకు. కుట్టు పొడవు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. సూది మామూలు కేంబ్రిక్‌కు 14 నంబరు, పల్చటి లైనింగ్‌కు 11 నంబరు.

కోయడానికి రోటరీ కట్టర్, కటింగ్ మ్యాట్, పారదర్శకంగా ఉండే స్కేలు ఉంటే పని చాలా తేలిక. పిజ్జా కోసే చక్రంలా ఉండే ఈ కట్టర్‌ను జపాన్‌లో ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చింది. అంతకు ముందు అందరూ అట్టముక్క చుట్టూ పెన్సిల్‌తో గీసి, కత్తెరతోనే కోశారు. మీరూ అలా మొదలుపెట్టవచ్చు. పాత క్యాలెండర్ అట్ట, స్టీలు స్కేలు, సన్నగా చెక్కిన పెన్సిల్ చాలు. టైలర్ చాక్ వద్దు, దాని గీత లావే ఒక పోగుకు ఎక్కువ. కట్టర్ కొంటే మాత్రం, కోసిన ప్రతిసారీ బ్లేడు మూసి పక్కన పెట్టండి. అది చాలా పదును, ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.

మొదటి బ్లాకు: నైన్ ప్యాచ్

4.5 అంగుళాల చదరాలు ముదురువి 5, లేతవి 4 కోయండి. ముదురు, లేత, ముదురు ఒక వరుస, లేత, ముదురు, లేత రెండో వరుస, మూడోది మొదటిలాగే. రెండేసి ముక్కలు మంచి వైపులు లోపలికి ఎదురెదురుగా పెట్టి కుట్టాలి. ఒక జత అయిపోగానే దారం తెంపకుండా దాని వెనకే ఇంకో జత సూది కిందకు నెట్టండి. దండలో పూలలాగా ముక్కలన్నీ ఒకే దారం మీద వచ్చేస్తాయి. తర్వాత మధ్య మధ్య దారం కత్తిరించుకోవచ్చు. దారమూ ఆదా, సమయమూ ఆదా.

ఈ బ్లాకు నేర్పే అసలు విద్య ఇస్త్రీలో ఉంది. బట్ట మీద ఇస్త్రీపెట్టెను రుద్దకూడదు. పెట్టి, నొక్కి, ఎత్తాలి. రుద్దితే చదరం కాస్తా సాగి వంకర అవుతుంది. ముందు కుట్టు విప్పకుండానే దాని మీద ఒకసారి నొక్కండి, దారం బట్టలో సర్దుకుంటుంది. తర్వాత ముక్కలు విప్పి, వెనక మార్జిన్ రెండు పొరలనూ ముదురు ముక్క వైపుకే వాల్చి నొక్కండి. ఇలా చేస్తే మొదటి వరుస మార్జిన్లు బయటికి, రెండో వరుసవి లోపలికి వాలతాయి. రెండు వరుసలు ఎదురెదురుగా పెట్టినప్పుడు మూల దగ్గర ఆ రెండు మడతలూ ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోతాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని అటూ ఇటూ జరపండి. మడతలు ఎక్కి ఉంటే చిన్న గుబ్బ తగులుతుంది, సరిగ్గా కూర్చుంటే చదునుగా ఉంటుంది. చదునుగా తగిలిన చోట గుండుసూది గుచ్చి కుట్టండి. విప్పి చూస్తే నాలుగు మూలలూ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. బ్లాకు 12.5 అంగుళాలు రావాలి, చుట్టూ ఉన్న పావంగుళం తర్వాత కుట్లలో పోయి 12 మిగులుతుంది.

త్రిభుజాలు: ఫ్రెండ్‌షిప్ స్టార్, ఓహియో స్టార్

జాకెట్టుకు పైపింగ్ వేసినవాళ్ళకు తెలుసు, క్రాస్‌లో (ఏటవాలుగా) కోసిన పట్టీ లాగితే సాగుతుంది. త్రిభుజం పొడవైన అంచు కూడా క్రాస్ అంచే. అందుకే త్రిభుజాలు విడిగా కోసి కలిపితే అలలు అలలుగా వస్తాయి. దీనికి ఉపాయం, ముందు కుట్టి తర్వాత కోయడం.

ఒక లేత, ఒక ముదురు 5 అంగుళాల చదరాలు ఎదురెదురుగా పెట్టండి. లేత దాని వెనక మూల నుంచి మూలకు పెన్సిల్ గీత గీయండి. గీతకు ఇటు పావంగుళంలో ఒక కుట్టు, అటు పావంగుళంలో ఒక కుట్టు. తర్వాత గీత మీదే కోస్తే రెండు చదరాలు వస్తాయి, ఒక్కో చదరంలో సగం లేత, సగం ముదురు. వీటిని ఖచ్చితంగా 4.5 అంగుళాలకు కత్తిరించాలి. ఇక్కడ ఓపిక పట్టాలి. స్కేలు మీది 45 డిగ్రీల గీతను కుట్టు మీద పెట్టి రెండు వైపులు కోసి, తిప్పి మిగతా రెండు వైపులు కోయండి. అలాంటి స్కేలు లేకపోతే 4.5 అంగుళాల అట్ట చదరానికి మూల నుంచి మూలకు గీత గీసి, మధ్యలో ఆ గీత వెంబడి సన్నటి కిటికీ కోసుకోండి. కుట్టు ఆ కిటికీలో కనిపించేలా పెట్టి గీసుకోవచ్చు. కొందరు 4 7/8 అంగుళాలకే కోసి కత్తిరింపు పని తప్పించుకుంటారు. అది చేయి బాగా కుదిరాక. మొదట్లో కొంచెం పెద్దగా కోసి తర్వాత సరిచేసుకోవడమే మంచిది.

ఫ్రెండ్‌షిప్ స్టార్‌కు ఇలాంటివి 4, లేత చదరాలు 4, మధ్యలో ముదురు చదరం 1 కావాలి. మూలల్లో లేత చదరాలు, వాటి మధ్య త్రిభుజాల చదరాలు. నాలుగూ ఒకే దిక్కుకు తిరిగితే నక్షత్రం గాలిచక్రంలా వస్తుంది. ఒక్కటి తిరగబడినా వెంటనే తెలుస్తుంది. అందుకే కుట్టకముందు నేల మీద పరిచి ఫొటో తీసుకోండి.

ఓహియో స్టార్ దీనికి తర్వాతి మెట్టు. ఇందులో ఒక చదరంలో నాలుగు త్రిభుజాలు ఉంటాయి. 5.5 అంగుళాల చదరాలు లేతవి 2, ముదురువి 2 తీసుకుని పైన చెప్పినట్టే రెండు రంగుల చదరాలు చేయండి. తర్వాత రెండింటిని ఎదురెదురుగా, ఒకదాని లేత మీద ఇంకోదాని ముదురు పడేలా పెట్టండి. కుట్లు ఇక్కడ కూడా ఒకదానికొకటి ఆనుకుని ఆగాలి. కుట్టుకు అడ్డంగా, రెండో మూల నుంచి మూలకు గీత గీసి, రెండు వైపులా కుట్టి, కోయండి. 4.5కు కత్తిరించేటప్పుడు నాలుగు మొనలు కలిసే చుక్క నాలుగు అంచుల నుంచీ 2.25 అంగుళాల దగ్గర ఉండాలి. ఇవి 4, మూలలకు లేత చదరాలు 4, మధ్యలో మీ దగ్గరున్న మంచి కలంకారీ పువ్వు.

సాటూత్ స్టార్: పక్షుల వరుస

ఫ్లయింగ్ గీస్ (ఎగిరే బాతులు) అనే ముక్క క్విల్టింగ్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఒక పెద్ద త్రిభుజం, దానికి రెండు పక్కల చిన్న త్రిభుజాలు. దీన్ని చేసే దారులు చాలా ఉన్నాయి, బట్ట వృథా కాని ఒకటి చెప్తాను. లేత బట్టలో 7.25 అంగుళాల చదరం 1, నక్షత్రం రంగులో 3 7/8 అంగుళాల చదరాలు 4. టేపు మీద 4కు 1/8 అంగుళం తక్కువ అన్నమాట. పెద్ద చదరం ఎదురెదురు మూలల్లో రెండు చిన్న చదరాలు పెట్టండి, మధ్యలో వాటి కొసలు కొంచెం ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండింటి మీదుగా మూల నుంచి మూలకు గీత, రెండు వైపులా కుట్టు, గీత మీద కోత. చిన్న త్రిభుజాలు బయటికి విప్పి ఇస్త్రీ చేస్తే ఆకారం హృదయంలా కనిపిస్తుంది. అలాంటి రెండింటికీ మిగిలిన మూలలో చెరో చిన్న చదరం పెట్టి మళ్ళీ గీత, కుట్టు, కోత. మొత్తం నాలుగు పక్షులు, ఒక్కోటి 3.5 × 6.5 అంగుళాలు.

పెద్ద త్రిభుజం మొన పై అంచుకు పావంగుళం కింద ఉందో లేదో చూడండి. అంచునే తాకుతుంటే తర్వాతి కుట్టులో మొన తెగిపోతుంది. నక్షత్రానికి మధ్య చదరం 6.5, దాని నాలుగు వైపులా మొన మధ్యకు తిరిగేలా ఈ పక్షులు, మూల చదరాలు 3.5. ఇవి కలిపేటప్పుడు మొనలు కనిపించే వైపు పైకి పెట్టి కుట్టండి. కుట్లు అడ్డంగా కలిసే చోటుకు ఒక పోగు బయటగా సూది దిగితే మొన భద్రం.

లాగ్ క్యాబిన్

ఇందులో మూలలు కలపాల్సిన పని లేదు, అందుకే కొందరు దీన్నే మొదట నేర్పుతారు. కానీ పావంగుళం కుట్టు కుదరనివాళ్ళకు ఇదే ఎక్కువ వంకరపోతుంది. మధ్యలో 2.5 అంగుళాల చదరం. ఎరుపు పెట్టడం పాత ఆచారం, చెక్క ఇంట్లో మండే పొయ్యికి గుర్తు అంటారు. దాని చుట్టూ 1.5 అంగుళం పట్టీలు ఒకే దిశలో తిరుగుతూ వస్తాయి. మొదటి రెండు వైపులు లేతవి, తర్వాత రెండు వైపులు ముదురువి. మొదటి చుట్టుకు పట్టీల పొడవు 2.5, 3.5, 3.5, 4.5. తర్వాత ప్రతి చుట్టుకూ ఒక్కో పట్టీ 2 అంగుళాలు పెరుగుతుంది. ఐదు చుట్లకు 12.5 వస్తుంది.

పట్టీలను ముందే కొలిచి కోయండి. పొడవాటి పట్టీ పెట్టి కుట్టేసి మిగిలింది కత్తిరించే పద్ధతిలో ప్రతిసారీ బట్ట కొంచెం సాగి బ్లాకు గిన్నెలా లోతు పడుతుంది. ఒక్కో చుట్టు తర్వాత 4.5, 6.5, 8.5, 10.5 ఉందో లేదో కొలవండి. మార్జిన్లు ఎప్పుడూ మధ్యనుంచి బయటికే వాల్చాలి.

అమెరికాలో, అలబామాలోని జీస్ బెండ్ అనే చిన్న ఊళ్ళో ఆఫ్రికన్ అమెరికన్ మహిళలు ఇదే అమరికను హౌస్‌టాప్ పేరుతో, పాత పనిబట్టలతో, కొలతలు చూసుకోకుండా కుట్టేవారు. 2002 నుంచి వాళ్ళ క్విల్టులు పెద్ద పెద్ద మ్యూజియంలలో ప్రదర్శనకు వెళ్ళాయి. వాటి ఫొటోలు తప్పక చూడండి. పట్టీ వెడల్పు మారుతూ, గీత వాలుతూ ఉన్నా ఆ క్విల్టులు ఎంత నిండుగా ఉంటాయో!

కాగితం మీద కుట్టడం

సన్నటి మొనలు కావాలంటే కాగితం మీద గీసిన గీత వెంటే కుట్టాలి. బటర్ పేపర్ మీద 6 అంగుళాల చదరం గీసి, చుట్టూ పావంగుళం అదనంగా ఇంకో గీత గీయండి. ఒక మూలను బయటి మూలగా అనుకోండి. అక్కడి నుంచి ఎదుటి రెండు అంచుల మధ్యబిందువులకు రెండు గీతలు గీస్తే మధ్యలో గాలిపటం ఆకారం, రెండు పక్కల రెండు త్రిభుజాలు వస్తాయి. గాలిపటానికి 1, పక్కలకు 2, 3 అని నంబర్లు వేయండి. ఇలాంటివి నాలుగు కాగితాలు.

గీతలు లేని వైపు 1వ ముక్క బట్టను మంచి వైపు పైకి ఉండేలా పెట్టండి. వెలుతురుకు ఎత్తి చూస్తే గీతలన్నీ దాటి పావంగుళం మిగిలి ఉండాలి. 2వ ముక్కను దాని మీద బోర్లించి, కాగితం తిప్పి, గీత మీదే కుట్టండి. కుట్టు పొడవు 1.5 మిల్లీమీటర్లకు తగ్గించండి, కాగితం తర్వాత సులువుగా చిరుగుతుంది. కాగితాన్ని కుట్టు దగ్గర మడిచి, పావంగుళం వదిలి మిగతా బట్ట కత్తిరించి, 2వ ముక్క విప్పి పొడి ఇస్త్రీ చేయండి. ఆవిరి వద్దు. తర్వాత 3. కొత్తలో చేతికి తిక్కగా ఉంటుంది, ఎందుకంటే బట్ట ఒకవైపు, గీత ఇంకోవైపు. కాబట్టి ముక్కలు కావాల్సినదాని కంటే అంగుళం పెద్దగానే కోసుకోండి. నాలుగూ అయ్యాక గాలిపటాల వెడల్పు కొసలు మధ్యలో కలిసేలా కుట్టి, చివరికి కాగితం తీసేయండి. నాలుగు మొనలు నాలుగు మూలలకు సూదుల్లా వెళ్తాయి.

చేతి బ్లాకు: షడ్భుజాల పువ్వు

దీనికి మిషన్ అక్కర్లేదు. టీవీ చూస్తూ, ప్రయాణంలో కూర్చుని చేసుకోవచ్చు. కొంచెం మందపాటి కాగితంతో ఒక్కో భుజం 1.5 అంగుళం ఉండే షడ్భుజాలు 7 కోయండి. ఒక్కోదాని మీద 4 అంగుళాల బట్ట ముక్క పెట్టి, పావంగుళం వదిలి కత్తిరించి, అంచు వెనక్కి మడిచి కచ్చా కుట్టు వేయండి. రెండు షడ్భుజాలు ఎదురెదురుగా పట్టుకుని, అంచుల్లో ఒకటి రెండు పోగులే అందేలా చిన్న చిన్న కుట్లతో కలపండి. కాగితం గుచ్చుకోకూడదు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. కచ్చా కుట్టు, కాగితాలు తీసి, పువ్వును 12.5 అంగుళాల లేత చదరం నడిమధ్య పెట్టి, చీరకు ఫాల్ కుట్టినట్టే కనబడని కుట్టుతో అతికించండి.

వంపు

వంపు కుట్టు అంటే చాలామంది భయపడతారు. జాకెట్టుకు చెయ్యి అతికించినవాళ్ళకు ఇది తెలిసిన పనే. 6 అంగుళాల అట్ట చదరం మూల నుంచి 4.5 అంగుళాల వ్యాసార్ధంతో వంపు గీసి కోయండి. రెండు ముక్కలకూ చుట్టూ పావంగుళం చేర్చి బట్ట కోయాలి. రెండు వంపులనూ సగానికి మడిచి మధ్య గుర్తు పెట్టుకోండి. లోపలికి వంగిన ముక్క పైన ఉండేలా మధ్యలో ఒక గుండుసూది, రెండు కొసల్లో రెండు, వాటి మధ్య ఇంకో రెండు. నెమ్మదిగా, పై ముక్కను లాగకుండా వేలితో సర్దుతూ కుట్టండి. ఇలాంటి చదరాలు నాలుగు కలిపితే నిండు వృత్తం.

మిగిలిన పీలికలతో

తొమ్మిదో బ్లాకులో పీలికలకు కొలతలు లేవు. 6.5 అంగుళాల పాత నూలు గుడ్డ ముక్కలు నాలుగు తీసుకుని, మూల నుంచి మూలకు ఒక పీలిక పెట్టి, దానికి అటూ ఇటూ మిగిలిన పీలికలు ఒక్కొక్కటిగా కుట్టి విప్పుతూ నింపేయండి. వెనక గుడ్డ అంచుల వెంట కత్తిరిస్తే చదరం సిద్ధం. నాలుగు చదరాల్లోనూ మధ్య పీలిక ఒకే రంగుదైతే, కలిపినప్పుడు డైమండ్ ఆకారం తేలుతుంది.

కలపడం, కుట్టడం

బ్లాకులన్నీ 12.5 ఉన్నాయో లేదో కొలవండి. 12.25 వచ్చిన బ్లాకు కోసం మిగతావన్నీ కత్తిరించకండి, మొనలు పోతాయి. పట్టీకి కుట్టేటప్పుడు చిన్న బ్లాకు అంచున మార్జిన్ కొంచెం తగ్గించి సర్దుకోవచ్చు. అంతకంటే తేడా ఉంటే ఏదో ఒక కుట్టు లావుగా పడిందని అర్థం, ఆ ఒక్కటీ విప్పి వేయడమే సులువు.

మధ్య పట్టీలు 2.5 × 12.5 అంగుళాలవి 24, పట్టీలు కలిసే చోట 2.5 అంగుళాల చిన్న చదరాలు 16. బ్లాకుల వరుసకు రెండు చివర్లా, మధ్యలో పట్టీలు. వరుసల మధ్యా, అన్నిటికీ పైనా కిందా పట్టీలు, చిన్న చదరాలు కలిపిన వరుస.

అడుగుపొరకు 48 అంగుళాలకు తగ్గకుండా పాత మెత్తటి బెడ్‌షీట్ తీసుకోండి. కొత్త షీటు నేత బిగుతుగా ఉండి చేతి సూది దిగదు. మధ్యపొరకు బజారులో పాలిస్టర్ వ్యాడింగ్ దొరుకుతుంది కానీ మన ఎండలకు అది ఉక్క. బొంతలోలాగా పాత నూలు చీర రెండు పొరలు పెడితే ఎంతో హాయిగా ఉంటుంది, సూదీ సులువుగా దిగుతుంది. శుభ్రమైన నేల మీద అడుగుపొరను తిరగేసి పరిచి, ముడతలు లేకుండా నాలుగు వైపులా టేపుతో అతికించండి. సాగేలా లాగకండి. దాని మీద చీర పొరలు, పైన మీ బ్లాకులు. మధ్య నుంచి బయటికి, బెత్తెడు దూరానికొకటి చొప్పున పిన్నీసులు పెట్టండి.

కుట్టు కూడా మధ్యలోనే మొదలుపెట్టాలి. దారానికి చిన్న ముడి వేసి, సూదిని పైనుంచి గుచ్చి కొంచెం దూరంలో తీసి చిన్నగా లాగితే ముడి టప్పున లోపలి పొరలోకి దిగిపోతుంది. సూది మీద మూడు నాలుగు కుట్లు ఎక్కించుకుని లాగండి. అంగుళానికి ఐదారు కుట్లు పడితే చాలు, చిన్నవి కావడం కంటే అన్నీ సమానంగా ఉండటం ముఖ్యం. ముక్కల అంచుకు పావంగుళం లోపలగా, ఆకారం వెంటే కుట్టుకుంటూ పోతే నక్షత్రాలు ఉబ్బెత్తుగా లేస్తాయి. మధ్యవేలికి థింబుల్ (సూది గుచ్చుకోకుండా వేసుకునే తొడుగు) పెట్టుకోకపోతే రెండో రోజుకే వేలు నొప్పి పుడుతుంది. మిషన్ మీద చేయాలనుకుంటే కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచి, పట్టీల పక్కన తిన్నటి గీతలతో సరిపెట్టుకోండి.

అంచుకు 2.5 అంగుళాల పట్టీలు ఐదు, బట్ట పన్నా పొడవునా కోసి కలపండి. పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, పట్టీ మడత లేని అంచులను క్విల్ట్ పైవైపు అంచుకు ఆనించి కుట్టి, వెనక్కి మడిచి చేత్తో హెమ్మింగ్ చేయండి. తిన్నటి అంచులకు క్రాస్ పట్టీ అక్కర్లేదు. మూలకు పావంగుళం ముందు కుట్టు ఆపి, పట్టీని పైకి మడిచి మళ్ళీ కిందికి దించి కొత్త వైపు మొదలుపెడితే మూల పదునుగా తిరుగుతుంది.

ఇక మొదటి ఉతుకు. గంజి, పెన్సిల్ గీతలు పోవడానికి చల్లటి నీళ్ళలో తక్కువ సబ్బుతో, ఒక తెల్ల గుడ్డ కూడా వేసి ఉతకండి. పెన్సిల్ గీత పోయేదాకా ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి. తడిసిన క్విల్ట్ బరువుగా ఉంటుంది, ఒకే తీగ మీద వేలాడదీస్తే కుట్లు లాగేస్తాయి. నీడలో నవారు మంచం మీద పరిచి ఆరేయండి, సగం ఆరాక ఒకసారి తిప్పండి. ఆరాక కుట్లన్నీ వేలితో తడిమి చూడండి. పోగులు ఊడిన చోటు, మార్జిన్ చాలక నోరు తెరిచిన కుట్టు ఏదైనా ఉంటే ఈ ఉతుకులోనే బయటపడుతుంది. అదే రంగు దారంతో అప్పటికప్పుడు చేత్తో కుట్టేయండి.